తడిసొచ్చిన నెట్టుకు తరుగు

ధనుంజయ నోరు తెరిచినాడంటే హులిగెమ్మ స్టవ్వు మంట తగ్గిస్తుంది. ఇంగ ఎవరూ బెంచీ మీంచి లేవరని, టీ ఊరికే మరిగి మాడిపోతుందని ఆమెకు తెలుసు. ఎమ్మిగనూరు మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా రేకుల కింద ఆమె టీ అంగడి. ఎండాకాలం సాయంత్రం, యార్డులో తూకాలు అయిపోయినాక, ఆ అంగట్లో కూర్చొని ధనుంజయ కోసే కోతలు వినని మనిషి ఆ రోడ్డులో ఉంటే వాడు చెవిటివాడన్నా అయ్యుండాలి, ఆ పొద్దే లారీ దిగినవాడన్నా అయ్యుండాలి.

కానీ ఈ పొద్దు ధనుంజయ కోతలు కోయడానికి రాలేదు. ఇంట్లో, ఆఫీసులో యాడా కాలు నిలవక వచ్చినాడు.

ఆయనది నెట్టు వ్యాపారం. హైదరాబాదులో ఒక కంపెనీ దగ్గర ఇంటర్నెట్టు టోకున కొంటాడు, ఊర్లో స్తంభం స్తంభానికి తీగె లాగి ఇంటింటికీ చిల్లరగా అమ్ముతాడు. తండ్రి కేశవయ్య శెట్టికి ఇదే యార్డులో శెనక్కాయలు కొనే మండీ ఉండేది. ఆయన పోయినాక కొడుకు మండీ మూసేసి, వచ్చిన దుడ్లన్నీ ఈ తీగెల్లో పోసినాడు. ఇప్పుడు ఎనిమిది వందల ఇండ్లు ఆ తీగె మీద ఉన్నాయి. ఆ ఎనిమిది వందల ఇండ్లకు పారే నెట్టు సాయంత్రం ఆరు గంటలకు నిలిపేస్తామని హైదరాబాదు కంపెనీ పొద్దున్నే మెయిల్ పెట్టింది. పోయిన నెల బిల్లు మామూలుగా వచ్చేదానికి రెండింతలు దాటి వచ్చింది. ధనుంజయ దాన్ని ఒప్పుకోలేదు, కట్టనూ లేదు.

సరే, ఒక పూట నెట్టు పోతే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. ఏడున్నరకు క్రికెట్ మ్యాచ్. పైగా వారం నుంచి ఒక పెద్ద కంపెనీ ఊర్లో కొత్త తీగె లాగుతోంది. వాళ్ల మనుషులు రంగు చొక్కాలు తొడుక్కొని ఇల్లిల్లూ తిరిగి, "మొదటి నెల ఉత్తగానే" అని చెప్పిపోతున్నారు. ఈ ఒక్క సాయంత్రం టీవీలు ఆగిపోయినాయంటే తెల్లారేలోగా సగం ఊరు ఆ తీగెకు తగులుకుంటుంది. పోయినవాళ్లు మళ్లీ రారు. అప్పుడు ధనుంజయకు మిగిలేది స్తంభాల మీద ఎండిపోయిన తీగెలు మాత్రమే.

ఆఫీసులో భార్య సుచరిత ఒక చెవికి ఒక ఫోను, ఇంకో చెవికి ఇంకో ఫోను పెట్టుకొని కూర్చుంది. ఈయన ఆమె ముందు అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. చివరికి ఆమెకు విసుగొచ్చింది.

"మీరిట్ల తిరుగుతాంటే నాకు గుండె దడ ఎక్కువైతాంది. పోయి రొంత టీ తాగి రాండి. కంపెనీ వాళ్లతో నేను ఇంగోసారి మాట్లాడి చూస్తా. నేను ఫోన్ చేస్తే మాత్రం ఎత్తండి, దండం పెడ్తా."

"ఎత్తక యాడికి పోతా?" అని వచ్చినాడు.

అంగట్లో ఇద్దరే ఉన్నారు. ఒకడు పెద్ద ఈరన్న, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు మూటలు తోలే లారీ డ్రైవరు. ఏం చెప్పినా నోరు తెరుచుకొని నమ్మే మనిషి. రెండోవాడు గోపీనాథ్. ఎదురుగా జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల అంగడి వానిదే. నెట్టు లేకుంటే ఆ అంగట్లో ఈగలు తోలుకోవాల్సిందే. వాడు ఏదీ ఒక పట్టాన నమ్మడు.

ధనుంజయ ఇంకా కూర్చోనే లేదు, గోపీనాథ్ అడిగేసినాడు.

"ఏమప్పా శెట్టీ, ఆరు గంటలకు నీ నెట్టు పోతాదంట, నిజమేనా? రంగు చొక్కాలోళ్లు చెప్పి పోయిరి."

అవునంటే పావుగంటలో ఊరంతా పాకిపోతుంది. ఏమో తెలీదంటే గోపీనాథ్ ఇప్పుడే పోయి కొత్త తీగెకు పేరు రాయించుకుంటాడు. భయానికి ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. గట్టిగా నవ్వినాడు.

"పోయేదేందప్పా! నెట్టు నిలిపేసే మొగోడు ఇంగా పుట్టలేదు. వాళ్లే నన్ను బతిమలాడతాండారు, నీకు తెలీదు. అక్కా, టీ పొయ్యి. నిండా పొయ్యక్కా, నువ్వు గ్లాసు గ్లాసుకూ తరుగు కొడ్తాండావు."

హులిగెమ్మ గ్లాసు ఎప్పుడూ మెడ దాకానే నింపుతుంది. ఈయన ఎప్పుడూ ఆ మాట అంటాడు. ఆమె ఎప్పుడూ వినబడనట్టే ఉంటుంది. ఇప్పుడూ అట్లనే మెడ దాకా పోసి ఇచ్చి, మంట తగ్గించింది.

"బతిమలాడతాండారా? ఎందుకప్పా?" పెద్ద ఈరన్న అడిగినాడు.

"ఎందుకా? నేను తరుగు కొట్టినా కాబట్టి! పెద్ద సంగతేం కాదులే. ఒక్క ఫోన్ చేసినా, నూటికి అయిదు కోసేసినా, అంతే. అగ్రిమెంటులోనే ఉండాది. తొంభై అయిదని పెద్ద అంకె ఏసి, పక్కన ఇంగ్లీషులో ఏందో రాసినారు. ఇంగ్లీషులో రాస్తే శెట్టి కొడుక్కు తెలీకుండా పోతాదా? నూటికి తొంభై అయిదంటే ఏంది? అయిదు తరుగు! మా నాయన మండీలో పుట్టి పెరిగినోన్ని, నాకు తరుగు నేర్పిస్తారా ఆ టై కట్టుకున్నోళ్లు?"

యార్డు చుట్టుపక్కల తరుగంటే తెలియనివాళ్లు లేరు. రైతు మూట తెస్తే తడి ఉందని ఇంత, మట్టి ఉందని ఇంత, తాలు కాయలున్నాయని ఇంత, నూటికి ఇన్ని కేజీలని కోసేసి మిగిలినదానికే దుడ్లు లెక్కపెడతారు. ఇదేమి శెట్టీ అని రైతు అడిగితే కేశవయ్య శెట్టి చేతులు రెండూ చూపించి, "కాటా చెప్పింది, నా చేతిలో ఏముండాదప్పా?" అనేవాడు. ఆయన అంత నెమ్మదిగా అనేవాడు కాబట్టి ఎవరికీ ఎదురు చెప్పబుద్ధి అయ్యేది కాదు. అందుకే అగ్రిమెంటులో తొంభై అయిదు కనబడినప్పుడు ధనుంజయకు సొంత చుట్టం కనబడినంత సంతోషమైంది. అబ్బా, వీళ్లూ మనలాంటోళ్లే, నూటికి అయిదు వదిలేస్తాండారు అనుకొని చదవకుండా సంతకం పెట్టేసినాడు. పెద్ద బిల్లు వచ్చినప్పుడు కూడా, తరుగు కొట్టడం మర్చిపోయినారని, అందుకే ఇంత వచ్చిందని తిప్పి పంపినాడు.

ఈ పొద్దు ఉదయం కంపెనీలో బిల్లులు చూసే ప్రదీప్‌కుమార్ ఫోన్లో ఓపికగా విడమరిచి చెప్పినాడు. "అది డిస్కౌంట్ కాదు సార్. మా మిషను అయిదు నిమిషాలకొకసారి మీరెంత లాగుతున్నారో చూస్తుంది. నెలలో బాగా ఎక్కువగా లాగిన సమయం నూటికి అయిదు పాళ్లు వదిలేస్తుంది. మిగిలినదాంట్లో ఏది ఎక్కువో, నెలంతా అంతే లాగినట్టు లెక్క. మీ ఊళ్లో సెలవులకు పిల్లలు, రాత్రిళ్లు క్రికెట్... ఆ అయిదు పాళ్లు దాటిపోయింది సార్." అంటే ఇంటికి చుట్టాలొచ్చి నాలుగు దినాలుండి పోతే, నెలంతా వాళ్లకు వండినట్టు సరుకుల చీటీ కట్టమన్నట్టు. ధనుంజయకు అది అప్పుడే అర్థమైంది. అర్థమయ్యేసరికి సాయంత్రం ఆరుకు నిలిపేస్తామనే మెయిల్ వచ్చి ఉంది.

ఆ సంగతి ఇక్కడ చెప్పడానికి లేదు.

"ఫోన్లోనే కోసేస్తివా?" గోపీనాథ్ కండ్లు చిన్నవి చేసినాడు. "ఊరికే ఒప్పుకున్యారా?"

"యాడ ఒప్పుకుంటారప్పా ఊరికే? హైదరాబాదుకు రమ్మన్యారు. పోయినా. నేను పోయేసరికి అద్దాల బంగళా, ఇరవై అంతస్తులు, మేనేజరు నేరుగా లిఫ్టు కాడికే వచ్చి నిలబడి ఉండాడు. రాండి ధనుంజయగారూ అని చెయ్యి పట్టుకొని తోలకపోయి బాదంపాలు ఇప్పించినాడు. నేను తాగలే. తాగితే బేరంలో మెత్తబడతామని మా నాయన చెప్తాండె. కూర్చోలే కూడా. నిలబడే అడిగినా. ఏం సార్, మీరు నాకు అమ్మే సరుకు యాడి నుంచి వస్తాదీ అని. సముద్రం అడుగున పెద్ద తీగె ఉంటుంది సార్, దాంట్లోంచి వస్తుంది అన్యాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" పెద్ద ఈరన్న బెంచీ అంచుకు జరిగినాడు.

"నేను ఒక నవ్వు నవ్వినా. ఆ నవ్వుకు ఆఫీసులో అందరూ టైపు కొట్టేది ఆపేసినారు. ఏమయ్యా, సముద్రంలోంచి వచ్చిన సరుకు తడిసి ఉంటాదా, ఉండదా? మా యార్డులో రొంత చెమ్మ తగిలితేనే తడి తరుగు కోస్తామే, నువ్వు సముద్రమంతా ముంచి తెచ్చి నాకు పొడి రేటుకు అమ్ముతాండావా? తడి తరుగు యాడ?"

పెద్ద ఈరన్న తొడ చరుచుకొని నవ్వినాడు. "తడిసొచ్చిన నెట్టుకు తరుగు! అది కరెక్టే కదా!"

చొక్కా జేబులో ఫోన్ గుర్రుమంది. సుచరిత. ధనుంజయ చూపు ఫోను మీద నుంచి గోపీనాథ్ మీదికి పోయింది. వాడు తన ముఖాన్నే చూస్తున్నాడు. ఇప్పుడు ఎత్తితే గొంతు వణుకుతుంది. గొంతు వణికితే వీనికి తెలిసిపోతుంది. ఒక్క నిమిషమే కదా, ఈ ముక్క అయినాక చేద్దాంలే అనుకొని జేబు మీద చెయ్యి పెట్టి అదిమి పట్టుకున్నాడు. కాసేపు అరచేతిలో గిలగిల కొట్టుకొని ఫోన్ నిలిచిపోయింది.

"ఎవురప్పా?" గోపీనాథ్ అడిగినాడు.

"ఎవురో కొత్త కనెక్షన్ కోసం. రొంత సందు కూడా ఇయ్యరు. యాడుంటిమి? ఆ, తడి. తడి అయిపోయిందా, ఇంగ మట్టి. యాభై దేశాల మీదుగా వస్తాది కదా సరుకు, దారిలో ఎంత దుమ్ము పట్టుంటాది? దానికి రెండు. ఆ తర్వాత తాలు. తాలు తెలుసు కదా, లోపల గింజ లేని కాయ. నెట్టులో తాలు ఏందీ అంటాడు మేనేజరు. ఏందా? పొద్దున లేస్తే పువ్వు బొమ్మ, దాని కింద శుభోదయం, పెదనాయన నుంచి చిన్నాయన దాకా ఒకరికొకరు పంపుకొనేది, అది తాలు కాదా? ఒక సినిమా చూద్దామంటే ముందు సబ్బు అడ్వర్టైజు, పేస్టు అడ్వర్టైజు, అది తాలు కాదా? మా ఊరోళ్లు వాడే నెట్టులో నూటికి అరవై తాలే! దానికి నేను దుడ్లెందుకు కట్టల్ల?"

"ఔనప్పా, నిజమే," అన్నాడు పెద్ద ఈరన్న. "మా బామ్మర్ది దినామూ పంపుతాడు. నూటికి నూరూ తాలే."

"మేనేజరుకు చెమట పట్టింది. పైనోళ్లను అడగల్ల సార్ అని పైకి పోయినాడు. పైనుంచి డైరెక్టరు దిగినాడు. ఆయన కోటు తీసి నాకు కప్పినాడు, చలి మిషను ఎక్కువుండాదని. ధనుంజయగారూ, మీరన్నది న్యాయమే, కానీ తూకం ఏసి నిరూపించండి, మీరెంత చెప్తే అంత కోస్తాం అన్యాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికొచ్చి మా నాయన కాటా బయటికి తీసినా."

గ్లాసులు కడుగుతున్న హులిగెమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ కాటా ఆమెకు బాగా తెలుసు. తన మూడెకరాల శెనక్కాయ ఏటేటా దాని మీదనే తూగింది. ఆమె మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"ఇనుప కాటా, నలుగురు ఎత్తేది. దాన్ని లారీలో ఏసుకొని మద్రాసుకు పోతిమి."

"యా లారీ? నన్ను పిలవలేదే!" పెద్ద ఈరన్న నొచ్చుకున్నాడు.

"నువ్వు ఆ పొద్దు ఎర్రగుంట్లలో సిమెంటు లోడుకు నిలబడినావు కదప్పా, మళ్లా నీకు నష్టమెందుకని వేరే లారీ మాట్లాడినా. మద్రాసు సముద్రం ఒడ్డున, ఇసుకలోంచి బయటికొస్తాది ఆ తీగె. తాటి మొద్దంత లావు. చెయ్యి పెడితే లోపల పారేది తెలుస్తాంది, గుర్రుమని. నేను ఏం చేసినా? ఇట్ల రెండు మోకాళ్ల మధ్య బిగించుకొని, జాయింటు ఇప్పినా. ఒకటే వెలుతురు! పట్టపగలు పక్కనున్నోళ్లంతా కండ్లు మూసుకున్యారు. గోనె సంచి మూతి దానికి పట్టి నింపుకుంటా పోతిమి. ఒక సంచి, రెండు, పది, నూరు. మూతి పురికొసతో కుట్టేస్తాండాము, అయినా సందుల్లోంచి వెలుతురు కారిపోతాంది. ఒడ్డంతా సంచుల దిబ్బ."

"నెట్టును సంచుల్లో నింపితివా?" గోపీనాథ్ పెదవి ఒక పక్కకు లేచింది.

"నింపితే గదా తూకం తెలిసేది! ఒక్కో సంచి కాటా మీద ఏస్తిమి. రాయి ఈ పక్క, సంచి ఆ పక్క. సంచి పైకి లేస్తాది గానీ కిందికి దిగదే! నూటికి డెబ్బై కూడా తూగలే. సంచి కింద చూస్తే ఉప్పు నీళ్లు కారతాండాయి. తడి! నేను చెప్తినా లేదా?"

పెద్ద ఈరన్న నవ్వుతున్నాడు. గోపీనాథ్‌కు కూడా నవ్వు ఆగలేదు. వాడు నవ్వేసరికి ధనుంజయకు కొంచెం ఊపిరి ఆడింది. అంతలోనే రేకుల గోడకు తగిలించిన గడియారం కనబడింది. ఐదు దాటి శానాసేపైంది. యార్డు గోడ నీడ రోడ్డు సగం దాకా వచ్చేసింది. ఎదురుగా స్తంభం మీద తన నల్ల తీగె, దాని కింద పొద్దున్నే కట్టిన రంగు చొక్కాలవాళ్ల కొత్త తెల్ల తీగె. జేబులో ఫోన్ మళ్లీ గుర్రుమంది. ఎత్తాలి. ఇప్పుడు ఎత్తాలి. కానీ కథ ఆగితే నిశ్శబ్దం వస్తుంది, నిశ్శబ్దం వస్తే గోపీనాథ్ మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు. ఆయన గొంతు ఇంకా పెంచినాడు.

"నేనీడ తూకం ఏస్తాండా, ఆడ ఏమైందో తెలుసా? నెట్టంతా నా సంచుల్లో ఉండాదే, ఇంగ ప్రపంచానికి యాడిది? సింగపూరులో బ్యాంకులు మూసేసినారు. దుబాయిలో లిఫ్టులు మధ్యలో నిలిచిపోయినాయి. విమానాలు యాడ దిగాలో తెలీక ఆకాశంలో గిరగిరా తిరుగుతాండాయి, పైకి చూస్తే గద్దల మాదిరి కనబడతాండాయి. అమెరికాలో పెద్దాఫీసరు ఎవుడురా సంచులు కుట్టేదని అడిగినాడంట. ఎమ్మిగనూరు ధనుంజయ సార్ అని చెప్పినారంట!"

"నీ పేరు తెలుసా వాళ్లకు?" పెద్ద ఈరన్న ముందుకు వంగినాడు.

"తెలీకేం! అంతలో సముద్రంలో ఒక ఓడ. ఓడ ఒడ్డుకు వచ్చేదాకా కూడా ఆగలేదు, ఆ తీగె సొంతదారు దొర, సింగపూరోడు, కోటుతోనే నీళ్లలో దూకి ఈదుకుంటా వచ్చినాడు. వచ్చి, ఇసుకలో నా కాళ్ల మీద పడినాడు. ధనుంజయప్పా, వదిలెయ్యప్పా, నీ తరుగు నువ్వు తీసుకో, మా పిల్లలు ఆకలికి చస్తాండారు అని ఏడుపు."

"ఏ భాషలో ఏడ్చినాడో?" అన్నాడు గోపీనాథ్.

"మన భాషలోనే. అంత ఏడుపొస్తే ఇంగ్లీషు ఎట్ల వస్తాదప్పా? నాకు జాలేసింది. సరేలే అని సంచులు ఇప్పి మళ్లా తీగెలో పోసినా. పోస్తా పోస్తా ఒక షరతు పెట్టినా. ఇంగమీదట ఎమ్మిగనూరుకు పోయినాకనే మిగతా దేశాలకు పోవల్ల. సంతకం పెట్టినాడు! నా నెట్టు ఆరు గంటలకు పోతాదా? పోతే ముందు సింగపూరులో పోవల్ల!"

అంతలో మూడోసారి ఫోన్ మోగింది. ఈసారి గుర్రుమనలేదు, గట్టిగా మోగింది. అదిమి పట్టినప్పుడు ఏదో నొక్కుకుపోయినట్టుంది. తీసి చూస్తే ప్రదీప్‌కుమార్.

"సింగపూరు దొరేమో, ఎత్తప్పా," అన్నాడు గోపీనాథ్.

ఇంక ఎత్తక తప్పలేదు. వాళ్ల వైపు చూసి ఒక చిరునవ్వు నవ్వి, లేచి అంగడి వెనక్కు, నీళ్ల డ్రమ్ము పక్కకు పోయినాడు.

"సార్, మేడమ్ చెప్పలేదా మీకు?" ప్రదీప్‌కుమార్ గొంతు మర్యాదగా ఉంది. "మేడమ్ చాలా అడిగారని మా మేనేజర్‌తో మాట్లాడాను. బిల్లు ఒప్పుకుంటున్నామని ఐదున్నరలోపు ఒక్క మెయిల్ పెట్టండి, నాలుగు రోజులు ఆపుతాం అన్నారు. మీ మెయిల్ నుంచే రావాలి కదా, మేడమ్ మెయిల్ చెల్లదు. మీరు ఫోన్ ఎత్తడం లేదని ఆమె ఏడుస్తున్నారు సార్."

"ఇప్పుడు పెడ్తా. ఈ నిమిషమే పెడ్తా సార్. ఒప్పుకుంటా, అంతా ఒప్పుకుంటా, తరుగు గిరుగు ఏమీ అడగను."

"టైమ్ దాటిపోయింది సార్. సిస్టమ్‌లో ఎక్కిపోయింది. ఆరుకు అదే ఆగిపోతుంది. మళ్లీ తెరవాలంటే రేపు పదింటి తర్వాతే."

"సార్, రాత్రికి మ్యాచ్ ఉండాది. రేపటికి నా ఊరు నాకుండదు సార్. ఎనిమిది వందల ఇండ్లు..."

"మా చేతిలో ఏం లేదు సార్. సిస్టమ్ ఎట్లా చెప్తే అట్లా."

"రొంత సూసి ఎయ్యి సామీ," అన్నాడు ధనుంజయ. సార్ అనబోతే సామీ అని ఎట్ల వచ్చిందో ఆయనకే తెలీదు. "రొంత సూసి ఎయ్యి, నీ కాళ్లు పట్టుకుంటా."

అవతల ఫోన్ పెట్టేసినారు. పక్కకు తిరిగితే డ్రమ్ములో చెంబు ముంచుతూ హులిగెమ్మ. ఎప్పుడొచ్చిందో. ఆమె చెంబు ఎత్తుకొని ముందుకు పోయింది.

ధనుంజయ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. ఒక్కసారి ఊపిరి పీల్చి, నవ్వు అతికించుకొని బెంచీ దగ్గరికి వచ్చినాడు. ఇంకేం చేస్తాడు పాపం, ఆయనకు వేరే ముఖం లేదు.

"ఎవురప్పా?" పెద్ద ఈరన్న ఆత్రంగా అడిగినాడు.

"ఎవురేంది, సింగపూరోడే! బతిమలాడతాండాడు. రొంత టైమియ్యి ధనుంజయప్పా, రేపు పొద్దున పదింటికంతా తరుగు లెక్కేసి పంపిస్తా అంటాడు. నేను కుదరదంటే కుదరదని చెప్పినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆ తర్వాత ఏమైందో నేను చెప్తా," అంది హులిగెమ్మ.

అందరూ అటు తిరిగినారు. ఆమె ఈ అంగట్లో ఎవరి కథలోనూ నోరు పెట్టదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ధనుంజయ ఎదురుగా నిలబడింది.

"నువ్వు కాటా సముద్రం దాకా మోసుకపోయినావు, బాగుండాది. ఒక్కటి చెప్పప్పా. నీకు బిల్లు ఏసిన కాటా ఎవురిది?"

ధనుంజయ నోరు తెరిచినాడు. ఎప్పుడూ తెరిస్తే చాలు మాట దానంతటదే వచ్చేది. ఈసారి రాలేదు.

"వాళ్లది," అన్నాడు చివరికి.

"యాడుండాది?"

"హైదరాబాదులో. వాళ్ల ఆఫీసులో."

"అది తూస్తాంటే నువ్వు చూసినావా?"

"లేదు."

"మరి తరుగు నీకెట్ల వస్తాదప్పా? నీది మండీ బుద్ధి. పుట్టినప్పటి నుంచి కాటా ఎనక కూర్చున్నావు, ఎదుర యాన్నాడూ నిలబడి ఎరగవు. అందుకే తొంభై అయిదని కనబడితే అయిదు నీదే అనుకుంటివి. మేమయితే అనుకోము. మాకు కనబడినప్పుడే గుండె జల్లుమంటాది." ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది ధనుంజయకు. "ఇప్పుడు డ్రమ్ము కాడ ఏమన్యావు? రొంత సూసి ఎయ్యి సామీ అంటివి. ఆ మాట నీకు యాడ దొరికింది? ఎవురు నేర్పినారు? మేమే కదా, మీ మండీలో. ఏటేటా మూట దించి, ఆ కాటా ముందర నిలబడి, మీ నాయనకు చేతులు జోడించి అదే మాట అంటి నేను. నువ్వు గల్లాపెట్టె మీద కూర్చొని బొరుగులు తింటాంటివి. ఎప్పుడన్నా సూసి ఏసినాడా మీ నాయన? చెప్పు."

పెద్ద ఈరన్న నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. గోపీనాథ్ ధనుంజయను చూడలేక గడియారం వైపు తిరిగినాడు. ఆరు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

"లేదక్కా," అన్నాడు ధనుంజయ. "యాన్నాడూ సూడలే."

గడియారంలో ముల్లు ఆరు దాటింది. గోపీనాథ్ తన ఫోన్ తీసి బొటనవేలితో కిందికి లాగినాడు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఇంకోసారి లాగినాడు. అది తిరుగుతూనే ఉంది. ఎదురంగట్లోంచి ఎవరో, "గోపీ, నా అప్లికేషన్ మధ్యలో నిలిచిపోయెనే!" అని అరిచినారు. గోపీనాథ్ లేచి నిలబడినాడు. వంగి ధనుంజయ భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి రోడ్డు దాటిపోయినాడు. రంగు చొక్కాలవాళ్ల నంబరు రాసిన కాగితం వాని జేబులోంచి కనబడుతోంది.

ధనుంజయ ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఒకటి ఆగితే ఇంకొకటి. తేరు బజారు, కొత్త కాలనీ, బస్టాండు వెనక. మధ్యలో ఒకటి సుచరితది. ఆయన దాన్ని ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. ఆమె ఏమందో తెలీదు గానీ, "ఆ... ఆ... వస్తాండా," అన్నాడు.

లేవబోతుంటే ముందు గ్లాసు కనబడింది. హులిగెమ్మ ఎప్పుడు పెట్టిందో, అంచు దాకా నింపి పెట్టింది. బెంచీ మీద టీ రొంత ఒలికింది.

"తాగిపో," అందామె. "దీంట్లో తరుగు కొట్టలే."